తగ్గిన సగం

కరెంటు ఆఫీసు నుంచి వచ్చిన అమ్మాయి ప్రశంసాపత్రం ఒళ్ళో పెట్టుకుని, ఆ ఇంటావిడ ఎదురుగా కూర్చుంది.

"వాడకం సగానికి సగం తగ్గించింది ఈ వీధిలో మీరొక్కరే, పిన్నిగారూ. ఎలాగో చెబితే నలుగురికీ చెబుతాను."

"ఏముందమ్మా! ఒక ఫ్యాను, ఒక లైటు. బట్టలు వారానికోసారే మిషన్లో వేస్తున్నా. పొద్దున వండిందే రాత్రికీ తింటున్నా."

"మరి టీవీ?"

"మ్యాచ్‌ల పిచ్చి నాది కాదుగా."

"ఎప్పట్నుంచి ఈ అలవాటు?"

"పోయిన వానాకాలం నుంచి. అంతకుముందు లైట్లు ఆర్పమని రోజూ గొంతు చించుకునేదాన్ని. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉండేది."

"సరే, పత్రం మీద మీ పేరు రాసేయనా?"

"పక్కన మా ఆయన పేరు కూడా రాయమ్మా. ఆ తగ్గిన సగం ఆయనే."