రేవులో ఒర్లమ్‌ని చంపిన వైనం

వాన తెరిపిచ్చిందని కమ్మరి కొలిమి పంచన జనం చేరారు. వాళ్ళ మధ్యన ఫెర్గ్నా కూర్చున్నాడు. ఎదురుగా ఉన్నది రాజుగారి మనిషి కత్ముగ్. వచ్చింది ఒకే మాట అడగడానికి: ఏటి రేవులో జరిగిన యుద్ధంలో ఒర్లమ్‌ని చంపావా, వదిలేశావా? వదిలేశానంటే ఫెర్గ్నా తల దక్కదు, ఒర్లమ్ కోసం మళ్ళీ మనుషులు బయల్దేరతారు. ఒర్లమ్ అవతలి రాజు పక్షమే. కానీ ఇద్దరూ పసితనంలో ఒకే ఇంటికి పెంపకానికి వెళ్ళి, ఒకే తల్లి చేతి గంజి తాగి, ఒకే దుప్పటి కింద పడుకున్నవాళ్ళు.

“చంపకేం?” అన్నాడు ఫెర్గ్నా, బార్లీ కల్లు ఓ గుక్క వేసి. “మొదట మామూలుగానే మొదలెట్టాం లెండి. నేనో ఈటె విసిరా, వాడు డాలు అడ్డం పెట్టాడు. వాడో ఈటె విసిరాడు, నేను పళ్ళతో పట్టుకున్నా.”

“పళ్ళతోనా మావా?” అన్నాడు కమ్మరి.

“చేతులు ఖాళీ లేవురా మరి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కత్తులు దూశాం. ఆ రేగిన నిప్పులకి రేవులో నీళ్ళు సలసలా కాగి, చేపలు ఉడికి పైకి తేలాయి. రెండు సైన్యాలూ యుద్ధం ఆపి, ఉప్పు తెప్పించుకుని మరీ తిన్నాయి. చివరికి ఏరంతా ఆవిరైపోయింది. వారం నుంచీ మనమీద కురుస్తున్న వాన ఏమిటనుకున్నారు, అదే.”

ఒకడు లేచి వెళ్ళి చూరునీళ్ళ కింద చెయ్యి పట్టాడు. “గోరువెచ్చగానే ఉందర్రా” అన్నాడు భయభక్తులతో.

ఫెర్గ్నాకి ఊపొచ్చింది. “మా అడుగుల కింద నేల దిగబడిపోయి, దిబ్బల కింద ఉండే దేవతలు బయటికొచ్చి గట్టుమీద కూర్చున్నారు. గుంకబోయిన సూర్యుడు, ఎవడు గెలుస్తాడో చూసిపోదామని కొండమీదే ఆగిపోయాడు. అప్పుడు ఒర్లమ్ అన్నాడూ, ‘అన్నా, అలిసిపోయావు, కాసేపు కూర్చో’ అని…”

ఆ ఒక్క మాట మాత్రం ఒర్లమ్ నిజంగానే అన్నది. ఫెర్గ్నా గిన్నె ఎత్తి మరో గుక్క వేశాడు.

“పొడిచా. ఆ పోటుకి ఎగిరి కొండ అవతల సముద్రంలో పడ్డాడు. అందుకే రుజువుకి వాడి తల తేలేకపోయా.”

మూల నుంచి లసైర్ అందుకుంది. పశువుల బేరానికి అవతలి రాజ్యం నుంచి వచ్చిన ముసలామె.

“పొద్దున ఆ రేవు మీదుగానే వచ్చా నాయనా. పోరుకి పోయేముందు మనిషికో రాయి చొప్పున కుప్ప పోస్తారుగా, తిరిగొచ్చినవాడు తన రాయి తాను తీసుకుపోతాడుగా, చచ్చినవాడిది అక్కడే మిగులుతుంది. మావాళ్ళు పోసినచోట నలిగిన గడ్డి తప్ప ఒక్క రాయి లేదు. మీవాళ్ళు పోసినచోటా అంతే. సముద్రంలో పడ్డవాడు ఈదుకొచ్చి రాయి తీసుకున్నాడా ఏం?”

ఫెర్గ్నా అబద్ధం బయటపడింది. తన నోటితో తనే వాణ్ణి చంపించేశాడు.

“రెండువైపులా ఒక్కటీ మిగల్లేదా?” అన్నాడు కత్ముగ్.

“ఒక్కటీ లేదు.”

“సరిగ్గా చూశావా అమ్మా?”

“నా ఆవులు అక్కడే ఆగి మేశాయి. చూడక ఏం చేస్తాను?”

కత్ముగ్ రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. “నాతో పెరిగినవాడూ అటువైపే ఉన్నాడు” అన్నాడు, తనలో తను అనుకున్నట్టు. పీట ఫెర్గ్నా దగ్గరికి లాక్కుని, తన గిన్నెలో కల్లు అతని గిన్నెలో వంచాడు.

“ఇంకోసారి చెప్పు, మొదట్నుంచీ. నెమ్మదిగా చెప్పు. రాజుగారి ముందు నేను ఒక్క ముక్క పొల్లుపోకుండా అప్పజెప్పాలి.”