పోస్టాఫీసు మెతోదీ స్కీ సాధన

ఏంట్రా అది, కింద కుర్చీ లేకుండా గోడకి వీపానించి కూచున్నావు? మూలశంకా? ఓహో, స్కీ సీజనుకి తొడలు గట్టిపడాలా! మంచు పడ్డానికింకా మూడు వారాలుందిగా. కానీ, కానీ. నిన్నిలా చూస్తే పోస్టాఫీసు మెతోదీ గుర్తొచ్చాడు. నువ్వు పుట్టకముందే పోయాడులే. అక్టోబరొచ్చిందంటే వాడికి పూనకం. ఊరంతా క్యాబేజీ ఊరబెట్టుకుంటుంటే, వీడు పీపా మీద బరువుకి పెట్టే బండరాయిని చంకనెత్తుకుని మెట్లెక్కడం, దిగడం. వాళ్ళావిడ గేనా కిటికీలోంచి కేకలు, "ఆ రాయిటు తగలెయ్యండి, క్యాబేజీ పైకి తేలిపోతోంది!" అని. తేలితే తేలనీ, తొడలు ముఖ్యం. స్కీలు బాగా జారాలని ఆవిడ ఇస్త్రీపెట్టెతోనే వాటికి మైనం పట్టించేవాడు. తర్వాత ఆవిడ అదే పెట్టెతో చొక్కాలు ఇస్త్రీ చేస్తే, వానలో నీళ్ళు చొక్కా మీంచి జారిపోయేవి. నవ్వకు, నిజం. పోస్టాఫీసులోనూ అంతే, కుర్చీ పక్కకి తన్నేసి నీలాగే గోడకానుకుని స్టాంపులు కొట్టేవాడు. పైగా నాకు ఉపన్యాసాలు. "స్పాస్, మోకాళ్ళు వంచాలోయ్! మోకాలు వంచనివాడు పళ్ళు రాలగొట్టుకుంటాడు. ద్రాక్షసారా మానెయ్, పందికొవ్వు మానెయ్." ఉత్తరం వెయ్యడానికెళ్ళానా, వైద్యానికెళ్ళానా!

సరే, మంచు పడి, జనాన్ని కొండెక్కించే లిఫ్టు తిరగడం మొదలెట్టిందా, మనవాడు మాయం. ఒక ఏడు జలుబు. ఒక ఏడు మంచు తడిగా ఉందిట. ఇంకో ఏడు అత్తగారొచ్చారుట. అత్తగార్ని చూసి అంత సంబరపడ్డ అల్లుణ్ణి నేనింకెక్కడా చూళ్ళేదు. పద్దెనిమిదేళ్ళు, ఒక్కడంటే ఒక్కడు వాణ్ణి స్కీల మీద చూసిన పాపాన పోలేదు. దాంతో ఆ ఏడు మేం నలుగురం కూడబలుక్కున్నాం. ఆలోచన నాదే, దాచడమెందుకు. సీజను మొదటి ఆదివారం పొద్దున్నే వాళ్ళింటికెళ్ళి, రెండు రెక్కలూ పట్టుకుని లిఫ్టెక్కించాం. పైన దిగి కిందకి చూశాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. "స్పాస్, నాకు భయంరా," అన్నాడు. నా ఒక్కడి చెవిలోనే, మెల్లిగా. నేనేం చేశాను? "ఒరేయ్, ప్రొఫెసరుగారికి భయంట!" అని కొండంతా వినబడేలా అరిచాను. మిగతా ముగ్గురూ పకపకా నవ్వుకుంటూ జారిపోయారు. నేనూ బయల్దేరాను. సగం దూరం దిగి, వాడి అవస్థ చూసి ఇంకాస్త నవ్వుకుందామని వెనక్కి తిరిగాను చూడూ, వెళ్ళి పొదలో పడ్డాను. మోకాలు టప్పుమంది.

కొండ దిగడానికి లిఫ్టులో ఎక్కించుకునేవాళ్ళు కాదులే అప్పట్లో. కాసేపటికి వాడే నడుచుకుంటూ వచ్చాడు, స్కీలు భుజానేసుకుని. నన్ను చూశాడు. స్కీలు మంచులో గుచ్చేసి నన్ను వీపునెత్తుకున్నాడు. అప్పుడు నేను తొంభై కిలోలు. దారంతా తిట్లే. "మోకాళ్ళు వంచమన్నానా లేదా? పందికొవ్వు తింటున్నావుగా? తింటున్నావులే, బరువు తెలుస్తూనే ఉంది!" ఒక్కచోట ఆగితే ఒట్టు. అవి తొడలు కావురా, చర్చి స్తంభాలు.

ఊరు కనబడగానే, "ఇక్కడ దించెయ్, ఈ గొడ్లపాక వెనకాల. ఇక్కణ్ణించి నేనే పోతా," అన్నాను. వాడి వీపు మీద ఊరేగితే నా పరువేం కాను? దించాడు. తన స్కీ కర్రలు ఊతకి నాకిచ్చి, గుచ్చొచ్చిన స్కీల కోసం మళ్ళీ పైకెళ్ళాడు. నేను కుంటుకుంటూ లిఫ్టు కాడికి చేరి ఏమన్నానో తెలుసా? "ఒంటికాలి మీద కొండ దిగొచ్చాను!" చప్పట్లు, సారా గ్లాసులు. చెప్పిన ప్రతిసారీ ఆ కొండ ఇంకాస్త ఎత్తు పెరిగింది. గంట తర్వాత మెతోదీ వచ్చాడు, నడుచుకుంటూ. ఊరు ఊరంతా ఈలలు. "స్కీలు నిన్ను మోస్తాయా, నువ్వు స్కీలని మోస్తావా?" అన్నాడెవడో. నేనూ ఈల వేశాను. వాడొచ్చి నా ముందాగాడు. ఇప్పుడు చెప్పేస్తాడురా బాబూ అనుకున్నాను. "మోకాలికి మంచు పెట్టుకో, వాచిపోద్ది," అన్నాడు. కర్రలు తీసుకుని ఇంటికెళ్ళిపోయాడు. అంతే.

ఆ తర్వాత పదకొండేళ్ళు బతికాడు. ఊళ్ళో పిల్లాజెల్లా వాణ్ణి "పాదచారి" అనేవాళ్ళు. ఆ పేరు పెట్టిందీ నేనే. వాడు పోయినప్పుడు గేనా నా చెయ్యి పట్టుకుని, "మా ఆయనకి మీరంటే మహా ఇష్టమండీ," అంది. మీ నానమ్మక్కూడా చెప్పలేదురా నేనిది. అది పోయేదాకా నమ్మింది, నేను ఒంటికాలి మీదే...

లే, చాల్లే, లేచి ఆ తలుపెయ్. చలిగాలి కొడుతోంది.