కేబుల్ టీవీలో స్తుతి పాట

నేను అడగలేనండీ అయ్యగారూ. క్రిస్మస్‌కి పాడమని మా అమ్మాయిని మీరే అడగండి. గదిలోనే ఉంది. పిలిస్తే వస్తుంది, పెట్టింది తింటుంది. పాట మాత్రం ఎత్తదు.

ఏంటీ, క్వయిర్ చప్పబడిపోయిందా? చప్పబడిపోదా మరి? చిన్నప్పట్నుంచీ ముందు నిలబడి పాట ఎత్తుకున్నది మా స్తుతే కదండీ.

తప్పు చేసిందనే నేనూ అనుకున్నాను. కాలేజీ పిల్లలు హిప్ హాప్ పాట కట్టుకుని, మధ్యలో నాలుగు లైన్లు దీన్ని పాడమన్నారంట. ఈ జనక్‌పురిలోనే ఎవరిదో మేడ మీద వీడియో తీశారు. పెద్ద ఛానళ్లు తీసుకోలేదు. మన కేబులాయనకి సొంత ఛానల్ ఉంది కదా, దాంట్లో వేయించారు. ఇంకేముంది, పొద్దున అదే, సాయంత్రం అదే. కూరగాయల బండి భయ్యా కూడా, "దీదీ, మీ అమ్మాయి టీవీలో వస్తోంది," అన్నాడు.

ఏం వేసుకుందండీ? జీన్సూ, వాళ్ల నాన్న స్వెట్టరూ. కాస్త చేతులు ఊపింది.

తర్వాతది మీకు తెలిసిందే. ఆదివారం చర్చిలో సంఘం ముందు నిలబడి క్షమాపణ అడగాలన్నారు మీరు. మా ఆయనేమో ఇంట్లో కేబుల్ వైరు కోసేశారు. నేనేం తప్పు చేశాను మమ్మీ అని అది ఒకటే ఏడుపు. నేనే బతిమాలాను. ఒక్క మాట అనేస్తే అయిపోద్ది, మళ్లీ ఎప్పట్లా ఉంటాం అన్నాను.

నిలబడింది, అనేసింది. మీరు ప్రార్థన చేశారు. ఇంటికొచ్చి అన్నాలు తిన్నాం.

ఆ రోజు నుంచీ పాట లేదండి. ఇదివరకు గిన్నెలు తోముతున్నా పాటే. ఇప్పుడు ఇంట్లో ప్రార్థనకి కూర్చుంటే పెదాలైనా కదపదు. ఉండబట్టలేక ఒకరోజు అడిగాను.

"మాఫీ మాంగ్ లీ నా, మమ్మీ. అబ్ గానా భీ చాహియే?" అంది.

క్షమాపణ అడిగేశాను కదా, ఇంక పాట కూడా కావాలా అని. కోపంగా కూడా అనలేదండి.

ఆయనకి చెప్తే మిమ్మల్ని అడగమంటారు. మీరేమో దాన్ని ఒప్పించమంటారు. దాని మొహం చూస్తే నాకు నోరు పెగలదు. ఎటు పోయేదండీ నేను?

మెట్రో పనుల దుమ్ములో పడి ఇంత దూరం వచ్చారు. టీ తాగండి, చల్లారిపోతోంది.

ఇంకో మాటండి. ఆయనతో అనకండి. మా హాస్పిటల్లో, నా వార్డు చివరి గదిలో టీవీ ఉంది. ఆ ఛానల్ వస్తుంది. ఫోన్ చేసి అడిగితే ఏ పాటైనా వేస్తారు.

నిన్న డ్యూటీలో ఆ గది ఖాళీగా ఉంటే నేనే ఫోన్ చేసి మా అమ్మాయి పాట అడిగాను. ఎవరి పేరు మీద వెయ్యమంటారు ఆంటీ అన్నాడు ఛానల్ అబ్బాయి.

ఏ పేరూ వద్దు బాబూ, నేను వినాలి, అంతే, అన్నాను.