కాలెత్తితే పాట ఆపాలి

హలో… ఆ, నేనే, డెల్మర్‌ని. పెట్టేయకు.

పెట్టేయకు అన్నానా… నువ్వు పెట్టేస్తావు, నేను మళ్లీ చేస్తాను, నువ్వు మళ్లీ పెట్టేస్తావు. డెబ్బై దాటినవాళ్లం, చూసేవాళ్లు నవ్వుతారు ఆర్విల్.

ఎక్కడి నుంచేమిటి? మంగళవారం సాయంత్రం ఇంకెక్కడుంటాను? హ్యూబర్ట్ సెలూన్ దగ్గరే… ఆ, అందరూ వెనక గదిలో ఉన్నారు… లేదులే, ఎవరూ వినడం లేదు. నేను బయటికొచ్చి మెట్ల మీద కూచున్నా.

ఎందుకంటే… ఏం లేదు. మీ ఆవిడ చిక్కుడు గింజలు వండి పంపిన గిన్నె మా ఇంట్లో ఉండిపోయింది కదా, దాని సంగతి—

ఎప్పుడో ఇచ్చేశానా?

సరే, ఇచ్చేశాను. గిన్నె కోసం కాదు. నువ్వు వస్తావా రావా, అది తేల్చుకుందామని.

…

అదే మాట. మూడు వారాల నుంచీ అదే మాట, "నేను సంగీతం మానేశాను." ఒరేయ్, మానేయడానికి నీది సంగీతం ఎప్పుడైంది? నువ్వు వాయించేది బాంజో.

…నవ్వొస్తే నవ్వు. ఆపుకోకు, ఈ వయసులో మంచిది కాదు.

నీ కోపం ట్రెంట్ గారి మీద కదా, మా అందరి మీదా ఎందుకు? ఆయన పట్నంలో ఆఫీసరుగా చేసి రిటైరయ్యాడు. కొండ మీద ఇల్లు కొన్నాడు. మన ట్రక్కులన్నీ అమ్మినా రానంత ఖరీదైన గిటారు కొన్నాడు. పాపం, ఆయనకి లేనిది ఒక్కటే, తాళం… అవును, మోత తగ్గడానికి నీ బాంజోలో సాక్సు కుక్కుకుని వాయించమన్నాడు. పక్కవాళ్లు వినపడటం లేదన్నాడు. నేను విన్నాను, కాదనను. దానికి నువ్వేం చేశావు? బాంజో పెట్టెలో పెట్టుకుని, తలుపు ఎంత గట్టిగా వేశావో తెలుసా? ఆ తలుపు ఇప్పటికీ సరిగ్గా పడటం లేదు. హ్యూబర్ట్ నీతో చెప్పమన్నాడు.

ఆ తర్వాత ఏమైందంటావా?… అడగలేదా? అడక్కపోయినా చెబుతాను.

నువ్వు పోయాక ట్రెంట్ గారు మమ్మల్ని బాగుచేశారు. మనం గుండ్రంగా కూచునేవాళ్లం కదా, మోకాళ్లు మోకాళ్లు తగిలేలా. అది పద్ధతి కాదట. వరసలు వేయించారు. ఇప్పుడు నా నిలువెత్తు బేస్ వాయిద్యం పట్టుకుని నిలబడితే నాకు ఓపలక్క వీపు కనిపిస్తోంది. ఆవిడ ఫిడేలు వాయిస్తుంటే మొహం చూసి కదా నేను మీటేది. వీపు చూసి ఏం మీటను?

ఇంకా విను. శ్రుతి చేసుకోడానికి మనకి పావుగంట పట్టేది కదా… సరే, నీకు అరగంట. దానికి చిన్న మెషీన్ తెచ్చారు. పచ్చ లైటు వెలిగితే అయిపోయినట్టే. చిటికెలో అయిపోతోంది, అదే వచ్చిన చిక్కు. ఎవరి నడుం ఎలా ఉంది, ఎవరి ఆవు ఈనింది, అంతా ఆ శ్రుతి చేసుకునేటప్పుడే కదా తెలిసేది. హ్యూబర్ట్‌కి కంటి ఆపరేషన్ అయిందన్న సంగతి నాకు పచారీ కొట్లో తెలిసింది… బానే ఉన్నాడు. గడ్డాలు గీస్తున్నాడు కూడా. గీయించుకునేవాళ్లే భయపడుతున్నారు.

తల ఊపితే కదా మనం వంతు అందుకునేది? ఇప్పుడు చెయ్యెత్తి అడగాలి. రెండు చేతులూ మాండలిన్ మీద ఉన్నవాడు ఏ చెయ్యెత్తుతాడురా? హ్యూబర్ట్ ఎత్తాడు. మాండలిన్ కింద పడింది.

…ఆ, మెడ దగ్గర సొట్ట. అతికించుకున్నాడు.

పాట ఆపడానికి నేను కాలెత్తుతాను కదా… అదీ వద్దట. చూడ్డానికి బాగాలేదట. కుక్క గుర్తొస్తోందట.

…అవును, కుక్క అన్నాడు. నన్నే. నలభై ఏళ్లుగా ఎత్తుతున్న కాలు ఇది. ఈ కాలు చూసి ఆగని పాట ఈ లోయలో లేదు. ఇప్పుడెలా ఆపాలో తెలియక ఒక్కొక్కళ్లం ఒక్కో చోట ఆగుతున్నాం, మెట్ల మీంచి బంగాళదుంపలు దొర్లినట్టు.

అన్నిటికంటే ఘోరం చెప్పనా? మన పాటల్లో ఏముంటుంది? ఒకడు పిల్లని ఏట్లో తోసేస్తాడు. ఒకడి తల్లి పోతుంది. ఇంకోడి మీద గని కూలుతుంది. అలాంటివి పళ్లికిలిస్తూ పాడకూడదట, భావం చూపించాలట. పోయిన వారం భావం చూపించి పాడాం. హ్యూబర్ట్ భార్య కాఫీలు పట్టుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. ఎవరు పోయారు అని అడిగింది.

…నవ్వు, నవ్వు. నీకు నవ్వుగానే ఉంటుంది.

హ్యూబర్ట్ ఇవాళ చెప్పేశాడురా. వచ్చే వారం నుంచి గది తియ్యడట.

…లేదు, ఎవరితోనూ పోట్లాడలేదు. విసుగొచ్చిందన్నాడు, అంతే. ఇంతోటి దానికి కరెంటు కూడా దండగ అన్నాడు… ఆ, కత్తెర పట్టుకుని కుర్చీలో కూచుని అన్నాడు, మనకి తెలుసు కదా వాడు ఊరికే అనడు.

ఆర్విల్, నేను తమాషాకి చెప్పడం లేదు. మా ఆవిడ పోయాక నాకు వారానికి మిగిలింది ఈ మంగళవారం ఒక్కటే. తతిమ్మా రోజులన్నీ దీనికోసం గడిపేవే. ఇదీ పోతే నేనేం చెయ్యాలో నాకు తెలీదు.





ఆగు. ఏమిటా చప్పుడు?

టీవీనా. టీవీలో ఏం వస్తోంది?… వాతావరణమా. వాతావరణం చెప్పేవాడు బాంజో మీటుతున్నాడా?

…

ఒళ్లో ఉంది కదూ? నేను ఫోన్ చేసేసరికి ఒళ్లోనే ఉంది. ఏదీ, ఇంకోసారి మీటు.

…

అదేమిటి, దుప్పటి కింద పిల్లి నడిచినట్టుంది? నీ బాంజో మోగితే అవతలి కొండ మీద కోళ్లు లేస్తాయి కదా. ఏమైంది దానికి?

…

సాక్సు.

…నువ్వే కుక్కావా? ఇంట్లో కూచుని?

…రోజూనా?

…

ఓరి పిచ్చోడా. మెత్తగా వాయించడం వచ్చాక మళ్లీ వద్దామనుకున్నావా. తలుపు ఊడేలా వేసి వెళ్లినవాడివి, ఇంటికి పోయి సాక్సు కుక్కుకుని సాధన చేస్తున్నావా?

…లేదు, నవ్వడం లేదు. నవ్వడం లేదురా. ఇక్కడ మెట్ల మీద చలిగా ఉంది, ముక్కు కారుతోంది.

…మీ ఆవిడకి కూడా చెప్పలేదా? మరి ఏ సాక్సు అది, ఉన్నిదా?… ఉతికిందేనా? ఆ బాంజో ఏం పాపం చేసిందిరా.

తీసేయ్ దాన్ని. ఇప్పుడే. తీసి అవతల పారేయ్.

…ఆయనేమన్నా అననీ. నేను లోపలికి వెళ్తున్నా, నువ్వు మాత్రం పెట్టేయకు.

ఓపలక్కా, కాస్త కుర్చీ ఇటు తిప్పు… ఆర్విలే… రాలేదు, ఫోన్లో ఉన్నాడు. హ్యూబర్ట్, వాడి కుర్చీ లాక్కొచ్చి మధ్యలో వెయ్యి, ఫోన్ దాని మీద పెడతా. అందరూ గుండ్రంగా రండి… ట్రెంట్ గారూ, ఆ కాగితాల స్టాండు గోడవారగా పెట్టేయండి. అక్కర్లేదు… మీరూ రండి. ఇక్కడ, ఓపలక్క పక్కన. మోకాలు తగిలితే తగలనీయండి, ఆవిడ ఏమీ అనుకోదు.

ఆర్విల్, స్పీకర్‌లో పెట్టాను. వినపడుతోందా? జి శ్రుతిలో, ఏట్లో పిల్ల పాట. నువ్వే ఎత్తుకో.

…

గట్టిగా.

…

ఆ. అదీ. అదీరా.

ఓ తమాషా విన్నావా? ఫోన్లో నీ వాయింపు ఒక్క రవ్వ ఆలస్యంగా వస్తోంది. ఎప్పుడూ అందరికంటే ముందు ఉరికేవాడివి, జన్మలో మొదటిసారి తాళంలో ఉన్నావు.

హ్యూబర్ట్, నీ వంతు… ఓపలక్కా, అందుకో… ఆహా, ఈ మొహం చూసి ఎన్నాళ్లయింది.

ట్రెంట్ గారూ, తల ఊపాను చూడండి, మీకే… చెయ్యెత్తకండి. వాయించండి, అంతే.

…

ఆర్విల్, అది విన్నావా? అది ట్రెంట్… అవును, తప్పే. అదీ తప్పే. అయినా మొహం చూడు… నీకు కనిపించదు కదూ. నవ్వుతున్నాడురా. పిల్ల ఏట్లో మునుగుతుంటే పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

ఇదే చివరి చరణం, అందరూ నన్ను చూడండి. కాలెత్తుతున్నా… ఎత్తాను.

ఆర్విల్.

ఆర్విల్, మేం ఆగాం. కాలెత్తానురా.

…

అయ్యో, వాడికెలా కనిపిస్తుంది.

వాయించేస్తూనే ఉన్నాడు చూడు, ఒక్కడే… వద్దక్కా, చెప్పకు. ఆపమనకు. మూడు వారాలు సాక్సుతో వాయించాడు, వాయించనీ.

ఈ కాలు ఇంకెంతోసేపు నిలబడదు. దించేస్తున్నా. ఎత్తుకోండి మళ్లీ, అందరూ… మొదటి నుంచీ. పిల్లని మళ్లీ ఒడ్డుకి తెచ్చి మళ్లీ తోద్దాం.

ఆర్విల్, వింటున్నావా? మేమూ ఆపం, నువ్వూ ఆపకు. ఈ పాట ఆగాలంటే నువ్వు ఇక్కడికొచ్చి నా కాలు చూడాల్సిందే. వేరే దారి లేదు.

…ఆర్విల్?

…హలో?

పెట్టేశాడు.

…లేదు, ఎవరూ ఆపకండి. వాయిస్తూనే ఉండండి. బాంజో పెట్టెలో పెట్టుకుని, కొండ దిగి రావాలి కదా వాడు, ఆ మాత్రం పడుతుంది. ట్రెంట్, నువ్వు వాయిస్తూనే కాస్త లేచి ఆ తలుపు కాలితో బార్లా తోసి ఉంచు. ఇంకోసారి వాడి చేతికి దొరికితే ఊడొస్తుంది.