నల్లబండకు పైపక్క

ఆ నీళ్లు చూసే మిషను ఎండలో ఎందుకప్పా, ఈ కొట్టం నీడకి తీసుకరా. నువ్వూ కూచో. పొద్దున్నించి వైర్లు పరుచుకుంటా తిరుగుతాండావు గదా, ఏమంటాది మిషను? ఆగు, నువ్వు చెప్పొద్దు, నేనే చెప్తా. నల్లబండకు పైపక్క నీళ్లుండాయి, కిందిపక్క లేవు అంటాది. అంతేనా? నవ్వుతాండావు. ఆ మాట ఈ ఊర్లో అరవై ఏండ్ల కిందట ఒకడు చెప్పినాడప్పా, మిషనూ లేదు, వైరూ లేదు. మా తమ్ముడు. చిన్న ఈరన్న అని. నేను పెద్ద ఈరన్న. ఇద్దరికీ ఒకటే పేరెందుకంటే, ఉరుకుంద ఈరన్న సామికి మొక్కుకుంటే నేను పుట్టినానంట. రెండోవానికి వేరే పేరు పెడితే సామికి కోపమొస్తాదని మా అమ్మ భయపడె. మా అమ్మ గిడ్డమ్మ, ఆమె భయాలు అట్లాటివి. పులికి భయపడదు, సామి అలుగుతాడని భయం. సరే, యాడుంటి? ఆ, నల్లబండ. మేము వడ్డెవాళ్లం. బండలు కొట్టేది, బావులు తవ్వేది మా పని. బావిలో నల్లబండ తగిల్తే మాకొక ఆచారం ఉండాది. పని ఆపి పైకి రావాల. తట్ట బోర్లించి దాని మీద పసుపునీళ్లు చల్లి, వెనక్కి చూడకుండా ఇంటికి పోవాల. బావి చచ్చింది అని పెద్దోడు ఊర్లో చెప్పాల. ఆ మాట చెప్పినాక ఇంక ఎవడూ గునపం ముట్టడు. రెడ్డి గూడా ముట్టడు. వడ్డెవాని మాటకి ఊర్లో విలువుండేది ఆ ఒక్క చోటే అప్పా. మిగతా దినాలన్నీ వాకిట్లో నిలబడే బతుకే.

కర్నూలు రాజధాని ఐన ఏడు అది. దానికి ముందు రెండేండ్లు వాన లేదు. గంజి కేంద్రం కాడ ముంత పట్టుకొని నిలబడిన వాళ్లలో నేనూ ఉన్నా, సిగ్గేముంది. కరువు పని కింద ఊరి నడుమ బావి తవ్వమనిరి, తవ్వితిమి. ఏడు మట్లు దిగినాక నల్లబండ. ఏడు మట్లంటే ఏడు నిలువులప్పా, మనిషి చెయ్యెత్తి నిలబడితే ఒక మట్టు. తట్ట బోర్లించినా, బావి చచ్చిందని చెప్పినా. ఊరంతా నోటి మీద చెయ్యేసుకునె. సరిగ్గా అప్పుడొచ్చినాడు మా తమ్ముడు. వాడు రెండేండ్లుగా రాళ్ల సర్వే క్యాంపులో సుత్తి సంచి మోసే పనిలో ఉండె. దొరలు కొండలు తిరిగి రాయి పగలగొడితే, వీడు ముక్కల్ని గుడ్డ సంచుల్లో వేసి మోయాల. మోసేవాడు మోసి ఊరుకుంటాడా? ప్రతి రాయికీ ఇదేంది, అదెట్లొచ్చె అని అడుగుతాండె. ఆ చిన్న దొర ఎవరో మంచోడు, చెప్తాండె. దానికి తోడు కర్నూల్లో డేరాల ఆఫీసులు లేచినప్పుడు ఈడొక మీటింగు, ఆడొక మీటింగు. అవన్నీ విని వచ్చినాడు. ఇంట్లో అడుగు పెట్టీ పెట్టంగానే, 'దున్నేవానిదే భూమి, తవ్వేవానిదే నీళ్లు' అంటాడు. మా అమ్మ, 'తినేవానిదే ముద్ద, ముందు చెయ్యి కడుక్కో నాయనా' అనె. కడుక్కునే దానికి నీళ్లేవీ!

బావి సంగతి విని వాడు ఎగిరి పడె. 'నల్లబండ తగిల్తే బావి చచ్చేదేందన్నా? ఆ బండ ఎట్ల పుట్టిందో నీకు తెలుసా?' అంటాడు. నాకెట్ల తెలుసు, నేనేమన్నా మంత్రసానినా? 'ఇది ఒకప్పుడు పాకం' అన్నాడు. 'మనం కొట్టే తెల్లబండ గూడా పాకమే. భూమి లోపల కుంపటి మాదిరి వేడి ఉండాది. ఐతే ఒట్టి వేడికి రాయి అంత సులభంగా కరగదు, మొండికేస్తాది. యాడన్నా లోపలికి నీళ్లు చేరితే, ఆడ తొందరగా కరుగుతాది. అట్ల కరిగి గడ్డకట్టిందే మన తెల్లబండ. దానికి బీటలు పడినాక, ఇంకా లోతునించి మళ్లా పాకం తన్నుకొచ్చి ఆ బీటల్లో నిండింది. అదే నీ నల్లబండ.' మా అమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకొని, 'రాళ్లు మోసి మోసి నీ తలకాయ కరిగినట్టుండాదిరా' అనె. వాడు మాట్లాడకుండా పోయి, అమ్మ పండగకని గుడ్డలో కట్టి దాచిన పిడికెడు బెల్లం తీసినాడు. కరువు దినాల్లో బెల్లమప్పా! పెనం పొయ్యి మీద పెట్టి ఈపక్క ఒక గడ్డ, ఆపక్క ఒక గడ్డ పెట్టినాడు. ఆపక్క దాని మీద నాలుగు చుక్కల నీళ్లు చిలకరించినాడు. తడి తగిలింది మెల్లగా జారి పాకమాయె. ఒట్టిది గడ్డగానే కూచొని అడుగున మాడి పొగ లేచె. 'చూసినావామ్మా? వేడి ఒకటే, పెనం ఒకటే' అంటాండాడు వాడు. మా అమ్మ చీపురు తీసుకొని వీపు మీద నాలుగు వేసింది. 'పాకం చూపిచ్చేదానికి నా బెల్లమే దొరికెనా నీకు!' ఏడుస్తాంది, కొడతాంది, నడుమ నవ్వుతాంది. తర్వాత ముగ్గురం పెనం గీక్కొని తింటిమి. మాడింది గూడా వదల్లేదు. ముగ్గురం ఒక పెనం చుట్టూ కూచోడం అదే ఆఖరు, అప్పుడు తెలీలా... ఏమంటాంటి? ఆ. వేలితో పెనం గీకతానే వాడు అసలు మాట చెప్పినాడు. 'ఆ నల్లబండ భూమిలో గోడ కట్టినట్టు నిలువుగా ఉండాదన్నా, తూర్పునించి పడమరకి. వాన నీళ్లు పైన మిట్టనించి లోపల్లోపలే వచ్చి ఆ గోడకాడ నిలబడతాయి. మనం గోడ మీద తవ్వితే ఏమొస్తాది? పైపక్క తవ్వాల.'

పైపక్క అంటే యాడనుకుంటివి? పేట. మాలపేట. అదీ కథ. పైపక్క నీళ్లు పడితే పేటలో పడతాయి, ఊర్లో పడవు. మరుసటి దినమే రెడ్డి పిలిపిచ్చె. అరుగు మీద కూచొని తమలపాకు ఈనె తీస్తా, నా ముఖం చూడకుండా, 'ఏం ఈరన్నా, మీ తమ్ముడు పేటలో బావి తవ్వుతాడంట. మా ఆడోళ్లు బిందెలెత్తుకొని ఆడికి పోవాల్నా? నల్లబండ చుట్టుపక్కల నీళ్లుండవని మీ తాతలనించి మీరే చెప్తాండారు గదా. ఆ మాట మీదే ఉండు' అనె. అంతే, తిట్టలేదు, కొట్టలేదు. 'మా గొడ్ల కొట్టానికి రాళ్లు కావాల, కొట్టు' అని బండలు పేల్చే మందు పొట్లాలు ఒక చిక్కం సంచి నిండా ఇచ్చి పంపె. నేను తెచ్చి అటక మీద పెట్టినా. చూడప్పా, వాళ్లకి మా ఆచారం మీద నమ్మకమేం లేదు. పనికొచ్చింది, వాడుకున్న్యారు. నేనేమో నా మాటకి విలువిచ్చినారని తల పైకెత్తుకొని ఇంటికొస్తి. ఇంత కంటే తెలివితక్కువ యాడన్నా ఉండాదా?

మా తమ్ముడు ఆగలా. పేటలో జ్ఞానరాజు అని ఉండె, సుంకులమ్మ జాతర్లో బండి చక్రం ఒక్కడే ఎత్తినాడు, అంత బలం. వాళ్లిద్దరే మొదలు పెట్టిరి. ఒకడు కింద తవ్వేది, ఒకడు పైన మోకు పట్టి మట్టి తట్ట లాగేది. పేట ఆడోళ్లు వంతులేసుకొని మట్టి పారబోసిరి. నాలుగు మట్లు దిగినాక వాడు నా కాడికొచ్చినాడు. గునపం మొన కొట్టిస్తాంటి నేను. 'అన్నా, రేపు మోకు పట్టు. రాజు చేతులు పుండ్లు పడినాయి.' నేను, 'నల్లబండ నీడ పడే చోట నేను కాలు పెట్టను' అంటి. వాడు నన్నే చూస్తా నిలబడె. 'బండకి భయపడతాండావా, రెడ్డికా?' నేను గునపం తిప్పి మొన చూసుకుంటాంటి. 'అన్నా, భయమైతే భయమని చెప్పు. నేనే నిన్ను రావద్దంటా. బండ మీద పెట్టొద్దు' అన్నాడు. ఆ మాట ఇప్పటికీ ఈడుండాదప్పా, ఈ ఎముక కింద. ఇంకో పదైదు దినాలకి మళ్లా వచ్చినాడు. ఎనిమిది మట్లు దిగినారంట, అడుగున తెల్లబండ ఒకటే పలక, గునపం ఎగిరి పడుతాంది. 'మందు కావాల, నీకాడ ఏమన్నా ఉండాదా అన్నా?'

లేదంటి.

అటక వాని తలకాయ మీదే ఉండాది. తలెత్తితే చిక్కం కనపడతాది. వాడు తలెత్తలా. అన్న లేదంటే లేదనుకున్న్యాడు. క్యాంపులో అడిగి తెస్తా, నాలుగు దినాల్లో వస్తా అని గోచీ బిగించుకొని బయలుదేరె. జ్ఞానరాజు ద్రోణాచలం స్టేషను దాకా పోయి రైలెక్కించి వచ్చె. నాలుగు దినాలు పాయె, నెల పాయె. తర్వాత హోసపేటనించి ఒక కార్డు, ఎవరిచేతనో రాయించినాడు. ఇస్కూలు అయ్యవారు చదివె. 'క్యాంపు ఈడికి మార్చినారు. దొర మందు ఇప్పిస్తానన్నాడు. బావి పూడ్చొద్దు. అమ్మకి బెల్లం తెస్తా.' అంతే. ఇంకో కార్డు ఈ పొద్దు దాకా రాలా.

ఏమప్పా? ఊఁ, నీళ్లెట్ల పడినాయంటావా? మేకపిల్ల పుణ్యం. ఆ వట్టి బావిలో పేటవాళ్ల మేకపిల్ల పడె. జ్ఞానరాజు వచ్చి, 'పెదన్నా, దిగి తియ్యి, మాకు ఆ లోతు చేతకాదు' అనె. మేకపిల్ల కోసం దిగితే ఆచారం తప్పేదేముందిలే అని దిగినా. అది నా తమ్ముడు తవ్విన బావి. గోడల మీద వాని గునపం పోట్లు వరసగా ఉండాయి, కుట్టు కుట్టినట్టు. నేను నేర్పిచ్చిన చెయ్యే. మేకపిల్లని కట్టి పైకంపి, ఊరికే బండ మీద చెయ్యి వెల్లకిలా పెట్టినా. అరచెయ్యి కాయలు కాసి మొద్దుబారి ఉంటాది, దానికేం తెలీదు. చెయ్యి వెనకపక్క పెట్టి చూడాల, మా నాయన నేర్పినాడు. బండకి చెమట పట్టి ఉండాదప్పా! చెవి ఆనించి గునపంతో తట్టినా. నీళ్లున్న బండ వేరే పలుకుతాది. 'పెదన్నా, పైకి రావా?' అని అరుస్తాండాడు జ్ఞానరాజు. ఎట్ల వస్తా. ఇంకోపక్క తట్టి చూస్తాంటి.

మరుసటి దినం అటక మీద చిక్కం దించినా. మా అమ్మ చూసింది. అదేందని అడగలా. ఎన్ని దినాలనించి ఉండాదని అడగలా. తిట్టింటే బాగుండు. పట్టపగలు, రెడ్డి అరుగు ముందరే మోసుకొని పోయినా. మూడు తూట్లు వేసి మందు దట్టించి అంటించినా. పొగ తగ్గినాక దిగితే, నల్లబండ గోడ ఒకపక్క నిలువునా తేలి ఉండాది, దాని వెంబడే ఉబుకుతాండాయి నీళ్లు, పాల మాదిరి తెల్లగా. పొద్దు గూకేలోపల మోకాలి మట్టం. పేటంతా కేకలు. రెడ్డి నాకు ఊర్లో పని లేకుండా చేసె, చేయనీ. మొదటి ఎండాకాలం ఊరి ఆడోళ్లు రాలా. రెండో ఎండాకాలం మధ్యాన్నం పూట మనుషులు లేని టైము చూసి బిందెలతో వచ్చిరి. జ్ఞానరాజు పెండ్లాము, 'మా నీళ్లకి మైల పోయినాదా అమ్మా?' అని అడిగి మరీ పోసె. ఆయమ్మ నోరు అట్లాటిది.

నాకు మాత్రం నీళ్లు పడిన దినంనించీ ఒకటే. వానికి తెలియాల. కార్డు రాపిస్తే చాలదనిపిచ్చె. సొరకాయ బుర్రలో ఆ నీళ్లు నింపి, మూతికి గుడ్డ కుక్కి, భుజానికి తగిలిచ్చుకొని హోసపేటకి పోయినా. రైలెక్కడం అదే మొదలు. వాని ముందర పెట్టి, తాగురా, నీ బావివి, మందు అప్పుడు నాకాడే ఉండె, అబద్ధం చెప్పినా అని చెప్పాల. దోవంతా ఆ మాటే గొణుక్కుంటా పోయినా. క్యాంపు జాగా చూపిచ్చిరి. ఏముందాడ? డేరా గూటాలు పీకిన బొక్కలు, మూడు పొయ్యి రాళ్లు, సున్నం గీతలు. నెల కిందట ఎత్తేసినారంట. యాడికి? ఒకడు నాగపూరు అంటాడు, ఒకడు ఒరిస్సా అడవులంటాడు. ఒకడు, వంటోడు, తెలుగోడే, 'సంచులు మోసే పిల్లోనికి జరం తగిలె, బండ్లో పండుకోబెట్టుకొని పోయిరి' అనె. ఏ పిల్లోడు? పేరేంది? వానికి తెలీదు. రెండు దినాలు ఆ బొక్కల మధ్య కూచుంటి. నీళ్లు ఒక్క గుక్క తాగలా, వానివి గదా.

వెనక్కి వస్తా గుంతకల్లులో రైలు మారాల. ఎండ నిప్పులు చెరుగుతాంది. ఒకామె, మన పక్క ఆమెనే, రెండేండ్ల బిడ్డని ఎత్తుకొని ఉండాది. బిడ్డ నోరు తెరుచుకొని ఎగపోస్తాంది. స్టేషను కొళాయిలో చుక్క లేదు. ఆమె నా బుర్ర చూసి, 'అన్నా, బిడ్డకి ఒక గుక్క' అనె. నా చెయ్యి రాలేదప్పా. నిజం చెప్తాండా. అవిస్తే ఇంక వాని కాడికి తీసుకపోయేదానికి నాకాడ ఏముండాది? బిడ్డ చూస్తాంది. గుడ్డ పీకినా. అప్పుడామె చెయ్యి వెనక్కి తీసుకొని, 'ఏ బావివన్నా?' అని అడిగె. ఊరి బావివని చెప్తే అయిపోయేది. ఇంకొక అబద్ధం, ఎంతసేపు. 'మాలపేట బావివమ్మా. మా తమ్ముడు తవ్వినాడు' అంటి. ఆమె అటూ ఇటూ చూసె. బిడ్డని చూసె. దోసిలి పట్టె. బిడ్డ తాగీ తాగీ దగ్గె, మళ్లా తాగె. అడుగున మిగిలింది ఆమె బుర్ర ఎత్తి గొంతులో పోసుకొని, మూతి తుడుచుకొని, 'మీ తమ్ముడు చల్లగుండాలన్నా' అనె.

...

ఏం లేదప్పా. నీ పని చూసుకో, నీడ జరిగింది. ఆ మిషనుకి మళ్లా ఎండ తగులుతాంది చూడు.