గోరువెచ్చని టీ

కాస్పియన్ సముద్రం దగ్గరి అతిరావ్ పట్నం. టీ నీళ్ళు కాచే సమోవార్ కుతకుతలాడుతోంది గానీ ముసలి ఉర్కియా ముందున్న టీలో ఆవిరే లేదు. పోసింది కూతురు జుపార్, ఆసుపత్రిలో కణితి ముక్కలు పరీక్షించే డాక్టరు.

"ఏమే, సమోవార్ అంతలా మరుగుతుంటే నాకీ చల్లనీళ్ళేంటి?"

"గోరువెచ్చగానే ఉందిగా అమ్మా. సగం గిన్నే పోశాను, మర్యాదకేం లోటు లేదు."

"సగం పోస్తే ఇంకాసేపు కూర్చోమని, నిండా పోస్తే ఇక లేచి వెళ్ళమని. నీకు నేర్పిందే నేను. మాట మార్చకు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ నాలుక కాలేట్టు తాగినదాన్ని. ఇప్పుడెందుకు చల్లార్చి ఇస్తున్నావు?"

"గొంతులో పుండుంది కదా. వేడి పడదు."

"పుండా?"

"పుండే."

"పుండుకి రెండోసారి గొట్టం వేసి ముక్కెందుకు తీశారు?"

"ఊరికే... చూద్దామని."

"చూశావా?"

"చూశానమ్మా. తాగు, ఉన్న వేడి కూడా పోతుంది."

"మొన్న వంటింట్లో మీ అన్నతో గుసగుసలాడావు. ఏదో ప్రోటీన్ పోయిందని ఏడ్చావు. ఎవరిది?"

"ఎవరో... ఒక పేషెంటు."

"సరే, ఆ ఎవరో సంగతే చెప్పు. ఏం చేస్తుందా ప్రోటీన్?"

"అన్నం దిగే గొట్టంలో కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు దానివల్లే. అది పోతే కణితిలోంచి విడిపోయి, నెత్తుట్లో పడి, కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో కాపురం పెడతాయి."

"పెట్టాయా?"

"...పెట్టాయి."

"ఆ మనిషికి చెప్పారా?"

"లేదు. మనలో చెప్పరు కదమ్మా, బెంగతోనే పోతారని. పెద్దకొడుకు వద్దన్నాడు."

"పెద్దకొడుకు! అచ్చం మీ అన్న యెర్దెన్ లాగే."

"అమ్మా..."

"ఏడవకు. పోయిన ఎండాకాలంలో ఆపరేషన్ చేయించుకో, చేయించుకో అని నా ప్రాణం తీశావు."

"నువ్వే వద్దన్నావు! మనవడి పెళ్ళయ్యాక చూద్దామన్నావు."

"పుండన్నావు కాబట్టి వద్దన్నాను! పుండుకి తొందరేంటనుకున్నాను. క్యాన్సరని ఒక్క మాట అనుంటే పెళ్ళి ఆపించి మరీ ఆ బల్లెక్కేదాన్ని. బతకాలని నాకు మాత్రం ఉండదా?"

"అన్న ఒట్టు వేయించుకున్నాడమ్మా."

"డాక్టరు వాడా, నువ్వా? నా కడుపున పుట్టి నన్నే మోసం చేశావు కదే. మొదటిసారి తీసిన ముక్కా నువ్వే చూశావా?"

"నేనే."

"అప్పుడుందా ఆ ప్రోటీను?"

"అమ్మా, వద్దు."

"ఉందా, లేదా?"

"ఉంది. అప్పటికి కణాలు గట్టిగా పట్టుకునే ఉన్నాయి."

"నీ గిన్నె ఇటివ్వు."

"నాకొద్దమ్మా... అమ్మా, చాలు! అంచుదాకా పోస్తున్నావేంటి? పొర్లిపోతోంది..."

"తాగి లే. మీ అన్నకీ చెప్పు, వాడి గిన్నె కూడా నిండే ఉందని."