ఎర్ర బటన్

చెక్క పలకలు కోసే కంప్యూటర్ మెషిన్ ముందు ఆమె జడ ముడేసుకుని నిలబడింది. నిరుటి దాకా దాన్ని నడిపింది ఆమె అన్నే. ఇప్పుడు నేర్పుతున్న పెద్దమేస్త్రీ అతని పక్కనే పనిచేసినవాడు.

"ముందు గ్లౌజులు తీసెయ్యమ్మా. కట్టర్‌కి వాటి కొస అందితే చాలు, చేతిని లాగేసుకుంటుంది."

"తీసేశా బాబాయ్. ఈ ఎర్ర బటన్?"

"ప్రాణం మీదికొస్తే అదే దిక్కు. మీ అన్న ఆ రోజు కంగారులో నొక్కలేదు. నొక్కుంటే చెయ్యి దక్కేది."

"నొక్కాననే అంటాడు."

"అంత నొప్పిలో ఏం గుర్తుంటుందమ్మా!"

"మీరెప్పుడైనా నొక్కి చూశారా?"

"మధ్యలో నొక్కితే పలక పాడైపోతుంది, పనంతా మళ్ళీ మొదట్నుంచి పెట్టుకోవాలి. అందుకే ఎవరం దాని జోలికి పోం."

"ఇప్పుడు పలక లేదుగా. ఖాళీగా తిప్పండి, నొక్కి చూస్తా."

కట్టర్ గిర్రున తిరగడం మొదలుపెట్టింది. ఆమె అరచేత్తో బటన్ నొక్కింది. కట్టర్ తిరుగుతూనే ఉంది.

"గట్టిగా నొక్కమ్మా!"

"నొక్కే ఉంచా బాబాయ్."

"ఇంకా గట్టిగా!"

"ఇంతకన్నా లోపలికి పోదు. అన్నయ్య నొక్కలేదని ప్రమాదం రిపోర్టులో సాక్షి సంతకం పెట్టింది మీరేగా?"